ఓర్చుకోదగిన నొప్పి

“ఆ బల్ల కదిపితే ఊరుకోను,” అన్నాడాయన, బల్లకి వీపు ఆనించి నిలబడి.

“కదపకపోతే మంచం ఎక్కడ పడుతుందిరా? మీ అక్కని గోడకి తగిలిస్తావా, క్యాలెండర్‌లాగా?” అంది వాళ్ళమ్మ.

డాక్టరమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేసరికి భర్తకీ అత్తగారికీ మధ్య తగువు మంచి పాకాన పడి ఉంది. మడతమంచం గుమ్మంలో సగం లోపలికీ సగం బయటికీ ఇరుక్కుపోయింది. లోపలి వైపు కాళ్ళు కూతురు పట్టుకుని ఉంది. బయటి వైపు పట్టుకునేవాళ్ళు లేరు. ఇంట్లోకి వెళ్ళాలంటే మంచం కింద నుంచి దూరాలి, లేదంటే ఈ సంగతి తేలేదాకా వరండాలో ఉండిపోవాలి. ఆమె చేతిసంచి భుజం మార్చుకుని అక్కడే నిలబడింది.

ముందుగదిలో వదిన తన పెట్టె మీదే కూర్చుని, ఈ గొడవ పక్కింటివాళ్ళదన్నట్టు, మేనకోడలి చొక్కాకి గుండీ కుడుతోంది. ఆవిడ ఆయనకి అక్క. బట్టలు కుట్టడమే ఆవిడ బతుకుతెరువు. ఎవరింటికి వెళ్ళినా కాసేపట్లో ఆ ఇంట్లోని ఊడిన గుండీలన్నీ ఆవిడ ఒళ్ళోకి నడిచి వచ్చేస్తాయి. ముట్లుడిగి ఇన్నేళ్ళయ్యాక మళ్ళీ రక్తం కనిపిస్తోందని ఆవిడ ఫోనులో చెప్పిన తీరు, ఏదో చీర రంగు వెలిసిందన్నట్టుగా ఉంది. వెంటనే బయల్దేరి రమ్మన్నది డాక్టరమ్మే.

“నేను బల్ల కింద పడుకుంటాలేరా,” అంది వదిన దారం కొరుకుతూ. “పైన నీ పెళ్ళాం రాసుకుంటుంది, కింద నేను గురక పెడతాను. ఎవరి పని వాళ్ళది.”

“నీకు హాస్యంగా ఉందక్కా. శుక్రవారం లోపల దరఖాస్తు వెళ్ళాలి. కాగితాలన్నీ వరసలో పెట్టాను. ఒక్కటి అటూ ఇటూ అయినా మళ్ళీ మొదటికొస్తుంది.”

“దేనికి దరఖాస్తు?”

“ప్రొఫెసర్ పోస్టుకి. వీళ్ళ విభాగం పెద్దాయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ ఈమెదే. వయసు రీత్యా ఇదే ఆఖరి అవకాశం కూడా. అయినా భయం లేదు. వీళ్ళ కాలేజీ మొత్తంలో ఈమెకున్నన్ని సైటేషన్లు ఎవరికీ లేవు.”

“అవేమిటి మళ్ళీ?” అంది అత్తగారు.

“ఈమె పరిశోధన చేసి రాసింది చదివి, ఎక్కడెక్కడి డాక్టర్లో వాళ్ళ రాతల్లో ‘ఫలానా ఆవిడ ఇలా చెప్పింది’ అని చెప్పుకోవడం.”

“చదివే చెప్తారా?”

“చదవకుండా ఎలా చెప్తారమ్మా?”

“ఏమో. మన వీధి చివరావిడ నా గురించి ఊరంతా చెప్తోంది. నాతో మాట్లాడే చెప్తోందా?”

కూతురికి నవ్వొచ్చి మంచం కాలు వదిలేసింది. ఆ ఊపుకి మంచం తనంతట తానే లోపలికొచ్చి పడింది. దాని వెనకే డాక్టరమ్మ కూడా వచ్చింది. చివరికి బల్ల కదలలేదు. బల్లకీ గోడకీ మధ్య ఉన్న సందులోనే మంచం వేశారు. రాసుకోవాలంటే ఇప్పుడామె మంచం దాటి వెళ్ళి కుర్చీలో కూలబడాలి. కూర్చున్నాక లేవాలంటే వదిన లేవాలి.

“కొత్త ప్రొఫెసర్ గారిని కట్టేశాం,” అంది వదిన. “ఇక ఎటూ పోదు.”

ఆయన ఇంకా కాగితాల దగ్గరే ఉన్నాడు. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే కంప్యూటర్ తెరిచి భార్య పేరు మీద ఉన్న అంకె చూసుకోవడం ఆయనకి అలవాటు. నిన్నటికీ ఇవాళ్టికీ ఒకటి పెరిగినా ఆ రోజు కాఫీ రుచిగా ఉంటుంది. మిగతా పేపర్ల సంగతి ఆయనకి తెలియదు గానీ, ఒక్క పేపరు పేరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మొత్తం లెక్కలో సగానికి పైగా దానిదే. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్షని మత్తు ఇవ్వకుండానే చేయవచ్చని, ఆ నొప్పి చాలామంది ఆడవాళ్ళకి ఓర్చుకోదగినదేనని అందులో ఉంది. చిన్న డాక్టరుగా చేరిన కొత్తల్లో ఆమె, పెద్దాయన కలిసి చేసిన పని అది.

“ఇంతకీ రేపు నాకు చేసేది ఆ పరీక్షేనా?” అంది వదిన.

“అదే వదినా.”

“మరింకేం. రాసింది మన ఇంటి పిల్లే.”

“కొంచెం పట్టేసినట్టుంటుంది. ఓర్చుకోవచ్చు,” అంది డాక్టరమ్మ. ఎంతమందికి చెప్పిందో ఆ మాట. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

*

సొంతవాళ్ళకి తామే పరీక్ష చేయకూడదని ఆసుపత్రిలో ఒక కట్టడి. అందుకని వదినకి చిన్న డాక్టరు చేస్తుంది. ఆ పిల్ల నెమ్మదైనది, చెయ్యి తేలిక. డాక్టరమ్మే నేర్పింది.

ఆ గది వసారా చివర ఉంటుంది. బయట బల్ల మీద ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరికి తగిలేలా కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా బయటికొచ్చే మనిషి నడక చూస్తారు. మొహం చూడరు. నడక చూస్తే చాలు, లోపల ఏమైందో తెలిసిపోతుందని వాళ్ళ నమ్మకం. లోపల ఒక ఎత్తు బల్ల, కాళ్ళు ఎత్తిపెట్టడానికి రెండు ఇనప కొక్కేలు, ఒక గుండ్రటి స్టూలు, మెడ వంచిన దీపం, స్టీలు పళ్ళెంలో సన్నటి గొట్టం, దాని పక్కన మూత తీసి ఉంచిన చిన్న సీసా. స్టూలు మీద చిన్న డాక్టరు కూర్చుంది. కుడిపక్క నర్సు నిలబడింది. ఎడమపక్క గోడ. డాక్టరమ్మకి నిలబడడానికి మిగిలిన చోటు ఒక్కటే, తలవైపు.

ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ అటువైపు నిలబడలేదు. దీపం కాళ్ళవైపుకి తిరిగి ఉంటుంది కాబట్టి తలవైపు మసకగా ఉంది. మధ్యలో తెర లాంటి గుడ్డ. అటునుంచి చూస్తే చిన్న డాక్టరు నుదురు తప్ప ఏమీ కనబడదు. పనిముట్ల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఏ చప్పుడు తర్వాత ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. వదినకి తెలియదు. అందుకని ప్రతి చప్పుడుకీ ఆవిడ భుజాలు బిగుసుకుంటున్నాయి.

“కొంచెం పట్టేసినట్టుంటుందమ్మా,” అంది తెర అవతల గొంతు. అది చిన్న డాక్టరు గొంతే గానీ మాట డాక్టరమ్మది. ఆ ఆగడం కూడా ఆమెదే.

వదిన చెయ్యి గాలిలోకి లేచి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికింది. డాక్టరమ్మ తన చెయ్యి ఇచ్చింది. సూది నెట్టీ నెట్టీ గట్టిపడిన వేలు ఆమె అరచేతిలో దిగబడింది. వదిన మొహం పక్కకి తిప్పి, భుజం మీది పైట కొస నోట్లో పెట్టుకుని కొరికింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. నోట్లోంచి చప్పుడు రాలేదు. ముక్కుపుటాలు ఎగిసి ఎగిసి పడ్డాయి. బుగ్గ మీదుగా చెవిలోకి నీళ్ళు దిగాయి.

“నొప్పేం లేదు కదమ్మా?” అంది తెర అవతల గొంతు.

వదిన నోట్లోంచి గుడ్డ తీసింది. “లేదమ్మా,” అంది, మామూలు గొంతుతో. మళ్ళీ గుడ్డ పెట్టుకుంది.

“వెరీ గుడ్. అయిపోయింది, అయిపోయింది,” అంది చిన్న డాక్టరు. నర్సు నొప్పి ఎంతో రాసే కాగితం మీద ఒక గీత పెట్టింది. ఎక్కడ పెట్టిందో చూడనక్కర్లేదు. ఆ గడులు గీసింది కూడా డాక్టరమ్మే.

బయటికొచ్చాక వదిన బాగానే నడిచింది. బల్ల మీది ఆడవాళ్ళు ఆవిడ నడక చూసి తేలికపడ్డారు. మెట్ల మలుపు దాకా అలా నడిచి, అక్కడ మెట్ల పక్క కమ్మీ పట్టుకుని వంగిపోయింది. డాక్టరమ్మ ఆవిడ్ని మెట్టు మీద కూర్చోబెట్టి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

“లేదని ఎందుకన్నారు వదినా?”

“ఏది?”

“నొప్పి.”

వదిన నీళ్ళు రెండు గుక్కలు తాగింది. “దాని చేతిలో ఇనుము ఉంది, అది నా లోపల ఉంది. ఉందని చెప్తే ఆపుతుందో, ఇంకో రెండు తిప్పులు తిప్పుతుందో నాకేం తెలుసు? తొందరగా కానిస్తే చాలనుకున్నా.” నవ్వడానికి ప్రయత్నించింది. “పైగా పాపం చిన్నపిల్ల. నువ్వు పక్కనే ఉన్నావు. దానికి మాటొస్తుందని.”

*

రెండు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. తీసిన ముక్క చూడడానికి సరిపోలేదని, మళ్ళీ తీసి పంపమని రాశారు. మామూలే, కదిలితే అలా అవుతుంది. అంతమాత్రాన మంచీ కాదు, చెడూ కాదు. ఏమీ తెలియనట్టు లెక్క.

డాక్టరమ్మ ఆ కాగితం సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి వదిన పెట్టె సర్దుతోంది.

“వెళ్ళాలి,” అంది. “పెళ్ళివారి బట్టలున్నాయి. రవికెలు ఇవ్వకపోతే పెళ్ళికూతురు పీటల మీదకి ఎలా వెళ్తుంది?”

“మళ్ళీ ఒకసారి తీయాలి వదినా. సరిపోలేదట.”

వదిన మడతపెడుతున్న చీర ఆగింది. తర్వాత అంచులు కలిపి నిదానంగా మడత పూర్తిచేసింది.

“చూద్దాం,” అంది.

“చూద్దాం అంటే?”

“చూద్దాం అంటే చూద్దామే. పని తెమిలాక ఫోన్ చేస్తా.”

“మీరు చేయరు.”

అత్తగారు కూరలు తరుగుతూ తలెత్తింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తాడు. వదిన ఎవరి వైపూ చూడకుండా పెట్టె మూత వేసింది. వేసి దాని మీద కూర్చుంది.

“చేయను,” అంది. “కాన్పు నొప్పులు నేనూ పడ్డాను. దానికి చివర చేతిలో పిల్లాడన్నా ఉంటాడు. దీనికేముంది, సీసాలో చిటికెడు ముక్క. అదీ సరిపోలేదట. నా వల్ల కాదమ్మాయ్. ఏదైతే అదే అవుతుంది.”

“అక్కా, చిన్నపిల్లలా మాట్లాడకు,” అన్నాడాయన. “ఓర్చుకోదగిన నొప్పేనని ప్రపంచమంతా ఒప్పుకుంది. కావాలంటే చూపిస్తాను రా.”

“నువ్వు ఓర్చుకోరా నాయనా. నీకున్న అవయవంలోంచి ఏదో ఒక ముక్క తీయించుకుని వచ్చి చెప్పు.”

అత్తగారు నవ్వు ఆపుకోలేక వేలు కోసుకోబోయింది. డాక్టరమ్మకి నవ్వు రాలేదు. చూద్దాం అన్న మాట దగ్గరే ఆగిపోయింది ఆమె. ఆ మాట ఆమెకి కొత్త కాదు. ఆ పాత పరిశోధనలో కూడా రెండోసారి రావలసినవాళ్ళు ఎందరో అదే మాట అని వెళ్ళారు. తిరిగి రాలేదు. వాళ్ళని లెక్కలోంచి తీసేశారు. ఎందుకు రాలేదో ఒక కారణం రాయాలి కాబట్టి, దూరాభారం వల్ల కావచ్చు అని రాసింది. ఆ వాక్యం పెద్దాయనది కాదు, ఆమెదే. ఎవరినీ అడగలేదు. దూరం అన్న మాట అప్పుడు ఎంతో సబబుగా తోచింది.

ఆ రోజు వదిన బయల్దేరకుండా అత్తగారు ఆపింది. ఆదివారం దాకా ఉండి వెళ్ళమంది. తన లంగా జాకెట్లన్నీ తీసి ఒళ్ళో పోసింది.

*

మర్నాడు మధ్యాహ్నం తన గదిలో క్యారియర్ పక్కన పెట్టుకుని, డాక్టరమ్మ ఎప్పుడూ చేయని పని చేసింది. తన పేపరు పేరు చెప్పుకున్న పేపర్లను ఒక్కొక్కటిగా తెరిచింది. అంకె చూడడమే ఇన్నాళ్ళూ. ఆ అంకె వెనక ఏముందో తొంగిచూడాలని అనిపించలేదు. వందమంది దండం పెడుతుంటే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఎందుకు పెడుతున్నారని ఎవరడుగుతారు?

ఆమె రాసింది, చాలామందికి ఓర్చుకోదగినదని. మొదట్లో చెప్పుకున్నవాళ్ళు అలాగే రాశారు. ఆ తర్వాతివాళ్ళు చాలామంది అన్నది వదిలేశారు. ఇంకొకరు నొప్పి స్వల్పం అన్నారు. మరొకరు నామమాత్రం అన్నారు. కొన్నేళ్ళ కిందట ఏదో సంఘం వాళ్ళు డాక్టర్లందరికీ ఇచ్చిన సూచనల్లో, ఈ పరీక్షకి మత్తు అవసరం లేదు అని ఒకే ముక్కలో తేల్చి, చివర ఆమె పేరు వేశారు. అప్పటినుంచి ఎవరూ వెనక్కి పోయి చూడలేదు. ఆమె పేపరు పేజీ నంబరు ఎవరో మొదట తప్పు వేశారు. అక్కడినుంచి ఆ తప్పు ఒకరి నుంచి ఒకరికి చెక్కుచెదరకుండా నడిచి వచ్చింది. అంటే వాళ్ళెవరూ ఆ పేజీ తెరవలేదన్నమాట. చదివే చెప్తారా అన్న అత్తగారి గొంతు గుర్తొచ్చి, కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఎక్కడెక్కడ ఎన్ని గదులున్నాయో. ప్రతి గదిలో ఒక స్టూలు, ఒక దీపం, తలవైపు చీకటి. ఎవరో ఒక పిల్ల తెర ఇవతల నుంచి నొప్పేం లేదు కదమ్మా అంటుంది. అవతల ఒక మనిషి నోట్లోంచి గుడ్డ తీసి లేదంటుంది.

సాయంత్రం ఆమె ఆ గది దగ్గరికి వెళ్ళింది. లోపలికి వెళ్ళలేదు. బయట మెట్ల మలుపు దగ్గర రెండు కుర్చీలు వేయించి, మంచినీళ్ళ కూజా పెట్టించుకుని కూర్చుంది. పరీక్షయ్యి బట్టలు సర్దుకుని వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. కాసేపు ఇంటి సంగతులు మాట్లాడి, తర్వాత ఎలా ఉందని అడిగింది.

“చచ్చిపోయాననుకున్నా,” అంది ఒకావిడ, బస్సు తప్పిపోయిందని చెప్పినంత మామూలుగా.

“లోపల లేదన్నారట కదా?”

“లోపల అలాగే అంటాం కదమ్మా.”

ఇంకొకామె మాట్లాడకుండా నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయింది. ఒకామె మాత్రం ఏమీ అనిపించలేదంది. ఆమె మొహం చూస్తే నిజమేననిపించింది. తర్వాతావిడ కూర్చుంటూనే, “చెప్తే మళ్ళీ చేస్తారా?” అని అడిగింది. చేయరని చెప్పాకే మిగతాది చెప్పింది.

*

శుక్రవారం పొద్దున పెద్దాయన గదిలో డాక్టరమ్మ నిలబడే మాట్లాడింది. ఆయన డిశ్చార్జి కాగితాల మీద సంతకాలు పెడుతూ విన్నాడు. ఆమెకి చెయ్యి పట్టుకుని పని నేర్పినవాడు. గొంతు పెంచడం ఎరగనివాడు.

“మీ వదినకి మత్తు ఇప్పిద్దాం,” అన్నాడు. “రేపే. మత్తు డాక్టరుకి నేను చెప్తా. ఇంతదానికి పేపరు జోలికి ఎందుకమ్మా?”

“మిగతావాళ్ళకి సార్?”

“మిగతావాళ్ళకి మరదలు డాక్టరు కాదు.” అన్నాక ఆ మాట ఆయనకే నచ్చలేదు. పెన్ను పక్కన పెట్టాడు. “చూడు. మనకున్నది ఒక్క మత్తు డాక్టరు. ఆయన్ని ఈ గదిలో కూర్చోబెడితే కాన్పుల గదిలో ఎవరుంటారు? ఇప్పుడు వచ్చిన రోజునే పరీక్ష అవుతోంది. రేపు మత్తు కోసమని నెలలు ఆగితే, ఆ లోపల జబ్బు ముదిరితే, అది ఎవరి లెక్కలో వేసుకుంటావు?”

ఆయన చెప్పింది అబద్ధం కాదు.

“మనం మోసం చేయలేదు,” అన్నాడాయన. “మనం అడిగాం. వాళ్ళు చెప్పారు. చెప్పింది రాశాం.”

“ఎప్పుడడిగాం సార్? గొట్టం లోపల ఉండగా అడిగాం. పట్టుకున్నవాళ్ళమే అడిగాం.”

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ పెట్టుకున్నాడు. “ముందు కుర్చీలోకి రా. వచ్చాక నీ ఇష్టం. గది మార్చు, పద్ధతి మార్చు, ఇంకో పేపరు రాయి. మొదటిదాన్ని తవ్వుకోవడం ఎందుకు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.” ఇంకాస్త నెమ్మదిగా అన్నాడు. “దాని మీద నా పేరు కూడా ఉందమ్మా. నేను చేసినవాటిలో నలుగురికీ తెలిసింది అదొక్కటే.”

ఆయన బెదిరించి ఉంటే బాగుండేది. బెదిరిస్తే తిరగబడవచ్చు. ఆమె ఆయన బల్ల అంచు మీద చెయ్యి పెట్టింది. కుర్చీలోకి వచ్చాక మార్చవచ్చు. ఆ మాటలో ఏ తప్పూ లేదు. ఇంట్లో చెప్పినా భర్త కూడా ఇదే అంటాడు. కానీ ఇంటర్వ్యూలో మొదట ఆ పేపరు గురించే అడుగుతారు. మెచ్చుకుంటారు. తను చిరునవ్వుతో థాంక్యూ అనాలి. అన్నాక ఆ గదిని మార్చడానికి ఏ మొహంతో వెళ్ళాలి? వదిన లేదమ్మా అన్నప్పటి గొంతు ఎంత మామూలుగా ఉందో, తన థాంక్యూ కూడా అంత మామూలుగానే వస్తుంది.

“మీరు సంతకం పెట్టనక్కర్లేదు సార్,” అంది. “మన ఇద్దరం అడిగామని రాయను. నేను అడిగానని రాస్తాను. స్టూలు మీద కూర్చుంది నేనే.”

ఆయన పెన్ను తీసుకుని సంతకాల్లో పడ్డాడు. ఆమె గుమ్మం దాటుతుంటే మాత్రం, తల ఎత్తకుండా, “మత్తు డాక్టరుకి సోమవారం పొద్దున్నపూట పెద్దగా పని ఉండదు. నేనన్నానని చెప్పకు,” అన్నాడు.

*

ఆ సాయంత్రం అందరూ ఒకేసారి భోజనానికి కూర్చున్నారు. ఆయన తొందరపెట్టాడు. తిన్నాక దరఖాస్తు మీట తను నొక్కాలా, భార్య నొక్కాలా, తల్లి చేత నొక్కించాలా అన్నది ఆయనకి తేలడం లేదు.

“నా చేత వద్దురా,” అంది అత్తగారు. “ఫోనులో నేను ఎవరికి నొక్కినా ఇంకెవరికో పోతుంది.”

“అత్త చేత నొక్కిద్దాం,” అంది కూతురు. “చెయ్యి మంచిది. అత్త కుట్టిన పెళ్ళిబట్టలు కట్టుకున్న వాళ్ళెవరూ విడిపోలేదట.”

“కుట్టు ఊడదని చెప్పానే. కాపురాలకి నేను పూచీ కాదు,” అంది వదిన.

డాక్టరమ్మ అందరికీ వడ్డించి తను కూడా కూర్చుంది. అన్నం కలుపుతూ, “వదినా, సోమవారం దాకా ఉండండి,” అంది. “మత్తు డాక్టరు ఒక పూట మా గదికి వస్తానన్నారు. ఆ పూట ఎంతమందికి కుదిరితే అంతమందికి. వరసలో మీ పేరూ ఉంది.”

వదిన ముద్ద నోటి దగ్గర ఆపింది. “మత్తంటే ఏమీ తెలియదా?”

“తెలియదు.”

“లేచాక మళ్ళీ అడుగుతారా, నొప్పేం లేదు కదా అని?”

“నేనడుగుతాను. మీరు బట్టలు సర్దుకుని బయటికొచ్చి, నీళ్ళు తాగాక.”

“అప్పుడైతే ఉన్నమాట చెప్తా.” వదిన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగింది. “పెళ్ళికూతురికి ఫోన్ చేసి చెప్పాలి. రవికెలు మంగళవారం.”

“మంచిదైంది,” అంది అత్తగారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటే కూర కారం అనుకున్నారు అందరూ. “మంత్రసాని పనికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. మా కోడలు పడుతుంది.”

“సరే, అదీ తేలింది,” అన్నాడాయన ఉత్సాహంగా. “ఇక తొందరగా కానివ్వండి. ఇంటర్నెట్ ఎప్పుడు పోతుందో తెలియదు.”

“దరఖాస్తు పంపడం లేదండి,” అంది డాక్టరమ్మ.

ఆమె గొంతు ఎత్తలేదు. అందుకే మొదట కూతురికి ఒక్కదానికే వినిపించింది. కూతురు తండ్రి వైపు చూసింది. అప్పుడాయనకి వినిపించింది.

“ఏమిటన్నావు?”

“ఆ పేపర్లో నొప్పి గురించి రాసింది నమ్మడానికి వీల్లేదని, దాన్ని అచ్చేసిన జర్నల్ వాళ్ళకి ఉత్తరం రాశాను. ఎలా అడిగానో, ఎప్పుడడిగానో, తిరిగి రానివాళ్ళ గురించి ఏం రాశానో అంతా చెప్పాను. ఇకమీదట ఎవరూ దాన్ని పట్టుకుని మత్తు అక్కర్లేదని అనకూడదని రాశాను. వాళ్ళు ఆ పేపరు తీసేయవచ్చు. ఏం చేస్తారో వాళ్ళిష్టం. అది లేకపోతే ప్రొఫెసర్ పోస్టుకి కావలసినన్ని సైటేషన్లు నాకు ఉండవు.”

వదిన మొహంలో రంగు మారింది. “నా మూలంగానా?” అంది.

“మీరొక్కరే కాదు వదినా.”

“వెనక్కి తీసుకో అమ్మాయ్. నేను ఓర్చుకుంటా. సోమవారం మత్తు లేకుండానే చేయించుకుంటా.”

“ఇంకా పంపలేదు కదా?” అన్నాడాయన. కుర్చీ వెనక్కి జరిపి సగం లేచాడు. “రాసి పెట్టావు, అంతేగా? రేపు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం. కుర్చీలోకి వచ్చాక కూడా రాయవచ్చు కదా.”

“మధ్యాహ్నమే పంపించేశాను.”

ఆయన లేచినవాడు లేచినట్టే ఉండిపోయాడు. కోపం రావలసిన చోట ఆయన మొహంలో ఇంకేదో వచ్చింది. తెల్లవారితే కంప్యూటర్ తెరిచి ఏం చూసుకోవాలో తెలియని మనిషి మొహం.

“ఒక్క మాట,” అన్నాడు. “పంపేముందు ఇంట్లో ఒక్క మాట అడగాల్సింది.”

“అడుగుదామనే అనుకున్నానండి,” అంది డాక్టరమ్మ. “అడిగితే మీరు ఆగమంటారు. వదిన తన కోసం వద్దంటారు. అత్తయ్య ఏమీ అనకుండా నా వైపు చూస్తారు. అందరూ నా మంచి కోరే అంటారు. నేను సరేనని ఆగిపోతాను. అందుకని పంపించాకే చెప్తున్నాను. కూర్చోండి, అన్నం చల్లారిపోతోంది.”

అని, కూరగిన్నె ఆయన వైపు జరిపింది.